తొట్టి నీళ్ల ఐసు

కల్లూరులో వెంకటప్పయ్య గారింట్లోకి ఫ్రిజ్ వచ్చిన వేసవి అది. ఎనభైల చివర ఆ వీధిలో ఫ్రిజ్ అంటే చిన్న విశేషం కాదు. ఆయన భార్య నిర్మలాదేవి దానిమీద అల్లిక గుడ్డ కప్పి, పూటపూటా తుడిచి మురిసిపోయేది.

ఆ ఇంట్లో తాగే నీళ్లు కాచి, వడపోసి, వంటింట్లో ఇత్తడి బిందెలో పోసేవారు. ఆ బిందెను పనిమనిషి మంగ్లి ముట్టుకోకూడదు. తండా నుంచి వచ్చే మంగ్లి బావి నీళ్లు తోడి పెరట్లోని సిమెంటు తొట్టి నింపాలి. తనకు దాహమైతే తండా బోరింగు దగ్గర సీసాలో పట్టుకొచ్చుకున్న నీళ్లే తాగాలి. ఇదంతా శుభ్రత కోసమేనని ఇంటివాళ్లు నిజంగానే నమ్మారు. మనలో ఎంతమంది నమ్మలేదు చెప్పండి?

మరి ఐసుకు ఏ నీళ్లు? నిర్మల తొట్టి నీళ్లే ముంచి ట్రేలో పోసేది. కాచిన నీళ్లు చల్లారేదాకా ఎవరు కూర్చుంటారు? "అంత చలికి పురుగూ పుట్రా బతుకుతాయా అత్తయ్యా?" అనేది అత్తగారితో.

మే నెలలో గాలివాన కొట్టి, పెంటదిబ్బ మీది నీరంతా బావిలోకి దిగింది. ఆ వారంలోనే కూతురు రాణికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వెంకటప్పయ్యకూ కడుపు చెడింది. అత్తగారు భారతమ్మ మాత్రం కులాసాగా ఉంది. మంగ్లికీ ఏమీ కాలేదు.

"దానికేం కాలేదు చూశావా?" అంది భారతమ్మ కోడలితో. "మనం చూడనప్పుడు బిందెలో చెయ్యి పెట్టి ఉంటుంది. చెడగొట్టింది కాబట్టే తాను తాగట్లేదు."

నిర్మల మనసులో అనుమానం నాటుకుంది. మంగ్లి వంటింటి వైపు చూస్తే అనుమానం, చూడకపోతే ఇంకా అనుమానం. ఒకరోజు బిందె మీద తడి చేతి గుర్తు కనబడింది. అది తన చేతిదే కావచ్చునని ఆమెకు తోచలేదు.

"నిజం చెప్పు మంగ్లీ, బిందె ముట్టావా?"

"లేదమ్మా. గడప గూడ తొక్కనిస్తలేరు, బిందెనెట్ల ముట్టుకుంట? మా దేవుడు సేవాభాయా మీద ఒట్టు."

"రేపట్నుంచి రాకు."

ఆ మాటలు ఇరుగుపొరుగు విన్నారు. మంగ్లి చేద తాడు చుట్టి గిలకకు తగిలించి, "పిల్ల పైలమమ్మా" అని వెళ్లిపోయింది.

మంగ్లి పోయినా రోగం పోలేదు. నీళ్లు తాగితే కక్కేస్తోందని తల్లి రాణికి ఐసు ముక్కలు చప్పరించమని ఇస్తూ వచ్చింది. పిల్ల కళ్లు లోతుకు పోయాయి. ఖమ్మం దవాఖానాలో సెలైన్ ఎక్కిస్తుంటే, బిడ్డ దక్కుతుందో లేదోనని ఆ చుక్కలే లెక్కపెడుతున్న నిర్మల ఒళ్లో ఐసు నింపిన ఫ్లాస్కు అలాగే ఉంది.

డాక్టరమ్మ దాని మూత తీసి చూసింది. "ఈ ఐసు ఏ నీళ్లతో చేశారమ్మా?"

"తొట్టి నీళ్లతోనండి. తాగే నీళ్లయితే కాచే తాగుతాం. ఇది ఐసే కదా..."

"ఇంట్లో ఇది ఎవరెవరు తింటారు?"

"పాప, మా ఆయన. నాకు జలుబు. అత్తయ్యకు పళ్లు జివ్వుమంటాయి..." చెబుతుంటేనే నిర్మలకు తట్టింది, ఐసు తిన్న ఇద్దరే జబ్బుపడ్డారని.

"చలికి క్రిములన్నీ చావవమ్మా. ఐసు నోట్లో కరిగిందంటే అదీ తాగే నీరే. కాచి చల్లార్చిన నీళ్లతోనే ఐసు పెట్టాలి" అంది డాక్టరమ్మ.

రాణి కోలుకుంది. నిర్మల తండాకు వెళ్లింది. మంగ్లి గుడిసె ముందు ఊరికే కూర్చుని ఉంది. బిందె ముట్టి చెడగొట్టిందన్న మాట పాకి, వీధిలో మిగతా ఇళ్లవాళ్లూ ఆమెను పనిలోకి రావద్దన్నారు.

"పిల్ల ఎట్లున్నది?" అని ముందు అడిగింది మంగ్లే.

"బాగుంది. తప్పు నాదే మంగ్లీ. నా ఐసే పిల్లను మంచాన పడేసింది. పనిలోకి రా."

"గిది ఈడ చెప్తే ఏం లాభమమ్మా? నన్ను మీ వీధిల అంటివి. ఆడనే చెప్పు."

భారతమ్మ పరువు పోతుందని వారించినా వినకుండా, మర్నాడు నిర్మల మంగ్లిని పక్కన నిలబెట్టుకుని ఇంటింటి ముందూ చెప్పింది. చెబుతుంటే సిగ్గుతో ఏడుపు వచ్చింది. తర్వాత వంటింటి గడప లోపలికి మంగ్లిని పిలిచి, ఇత్తడి బిందె ఆమె చేతికిచ్చింది.

అమ్మలారా, ఐసుకైనా కాచిన నీళ్లే వాడండి. ఇంట్లో రోగం వచ్చినప్పుడు పనిమనిషి చేతుల వైపు కాదు, ముందు మీరు ముంచిన నీళ్ల వైపు చూడండి.