పన్నెండు గంటల బొమ్మలు

యూరప్‌లో ప్రాగ్ అనే రాజధాని ఒకటుందని మా టౌన్‌షిప్‌లో ఎవరికీ తెలియదు. అందుకే నూకాలమ్మ ప్రయాణం సంగతి పొక్కగానే పక్క క్వార్టర్ గురమ్మ ఖాళీ సీసా పట్టుకుని వచ్చేసింది.

"ప్రయాగ ఎల్తన్నావట కదే. ఇందల గంగనీల్లు అట్టుకురా."

అది ప్రయాగ కాదే తల్లీ, విమానమెక్కి దేశాలు దాటి పోవాలి అని ఎంత చెప్పినా గురమ్మ సీసా వెనక్కి తీసుకోలేదు. "ఏ ఊరైతే ఏటి, నది ఉంటాది కదా" అని అక్కడే పెట్టి పోయింది.

సంగతేమిటంటే, బస్తర్ కొండ మీది మా ఇనుప గనిలో అయిదేళ్ళుగా ఒక్క ప్రమాదం లేకుండా రాయి పేల్చినందుకు ఇద్దరు బ్లాస్టర్లకు బహుమతి వచ్చింది. పేలుడు మందు సరఫరా చేసే కంపెనీవాళ్ళు వాళ్ళను భార్యలతో సహా మూడు రోజులు ప్రాగ్ తిప్పి తీసుకొస్తామన్నారు. ఒకడు నూకాలమ్మ మొగుడు పైడయ్య. రెండోవాడు కోంటా వైపు మనిషి మంగ్లూ. వాళ్ళ పై అధికారి దేవరాజు కూడా వెంట వస్తున్నాడు. టౌన్‌షిప్ అంతా సంబరపడుతుంటే నూకాలమ్మకు మాత్రం అన్నం సహించలేదు.

ఎందుకంటే పైడయ్యకు వినబడదు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి దగ్గర నిలబడి మాట్లాడితే కాస్త అందుతుంది. ముప్ఫై ఏళ్ళు మందు పేల్చినవాడికి చెవుడు రావడం వింతేమీ కాదు. మూడేళ్ళుగా ఆ సంగతి మూడో కంటికి తెలియకపోవడమే వింత. ఏటా జరిగే చెవి పరీక్షలో శబ్దం వినబడగానే బొత్తాం నొక్కాలి. పైడయ్య మధ్యనున్న అద్దంలోంచి పరీక్ష చేసేవాడి వేళ్ళు చూసి నొక్కేవాడు. బజారుకు వెళితే నూకాలమ్మ కుడి పక్కన నడుస్తుంది. ఎవరైనా పలకరిస్తే మోచేతి మీద తడుతుంది. ఒకసారి తడితే ఔననాలి, రెండుసార్లు తడితే కాదనాలి. అట్లా నెట్టుకొస్తున్నారు.

రిటైరు కావడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది. బయటపడిందా, మర్నాటి నుంచి బ్లాస్టింగ్ చెయ్యనివ్వరు, ఏ గేటు దగ్గరో కూచోబెడతారు.

"గేటుకాడ కూకోడం కన్నా సచ్చిపోడం నయం" అంటాడు పైడయ్య. "సైరను ఎయ్యమనీది నానే కదే. అదెప్పుడు మోగతాదో నాకు తెల్సు. మల్లీ ఇనాలేటి?"

వాదన వినడానికి బాగానే ఉంటుంది. కానీ మొన్న ఇప్పపూల రోజుల్లో, సైరన్ మోగి అందరూ పక్కకు వెళ్ళాక, తూర్పు వైపు కాపలావాడు ఆపమని ఈల ఊదాడు. పువ్వు ఏరుకునే ఆడవాళ్ళు ఇద్దరు గట్టు దాటి లోపలికి వచ్చారు. ఈల పైడయ్యకు వినబడలేదు. మందు పేల్చే బటను మీద వేలు పెట్టి, ఎందుకో తల తిప్పి, ఎర్రజెండా ఊగడం చూసి ఆగాడు. ఆ పూట ఇంటికొచ్చి కంచం ముందు కూచుని ఈ మాట చెప్పి, ఒక్క ముద్ద తినకుండా లేచిపోయాడు. మర్నాడు మళ్ళీ డ్యూటీకి వెళ్ళాడు. అప్పట్నుంచీ కొండమీద పేలుడు వినబడ్డాక ఏ అంబులెన్సూ పైకి వెళ్ళలేదని తేలేదాకా నూకాలమ్మ పొయ్యి దగ్గర నుంచి కదలదు.

అలాంటిది ఇప్పుడు మూడు రోజులు ఒకే బస్సులో, ఒకే బల్ల దగ్గర దేవరాజు కళ్ళ ముందే తిరగాలి.

ప్రాగ్‌లో దిగాక నూకాలమ్మ చూసింది ఊరు కాదు, దేవరాజు నోరు. ఆయన ఎప్పుడు పెదవి విప్పితే అప్పుడు మొగుడి మోచెయ్యి తట్టాలి. విమానాశ్రయంలో అద్దం వెనక పోలీసు ఏదో అడిగితే పైడయ్య నవ్వుతూ అన్నిటికీ తలూపాడు. ఇంగ్లీషు రాకపోవడం వల్ల అక్కడ బతికిపోయారు. భాష రానివాడికీ చెవిటివాడికీ తేడా ఆ పోలీసుకేం తెలుస్తుంది?

రాజులుండిన కోట చూపించారు. నది మీద పొడుగాటి రాతి వంతెన, దానికి రెండు వైపులా నల్లబడిపోయిన విగ్రహాలు. మంగ్లూ, అతని భార్య నందే ప్రతి విగ్రహం పక్కనా నిలబడి ఫొటో దిగారు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర దేవరాజు సరిగ్గా పైడయ్యకు ఎడమ పక్కనే కుర్చీ లాక్కుని కూచున్నాడు.

"నువ్వు డ్యూటీలో ఉంటే నాకు బెంగే ఉండదు పైడయ్యా. హాయిగా టీ తాగుతూ కూచుంటాను."

నూకాలమ్మ బల్ల కింద మోకాలు తట్టింది. "ఔను సార్" అన్నాడు పైడయ్య. ఎంత ధీమా చూడండని అందరూ నవ్వారు. పాపం, ఆ దేవరాజు మొహంలో అనుమానం అనేది లేకపోవడమే నూకాలమ్మను ఎక్కువ భయపెట్టింది.

మర్నాడు బుధవారం. పాత బజారు మధ్యలో గోపురానికి పెద్ద గడియారం ఉంది. పన్నెండు కొట్టగానే దాని పైన రెండు చిన్న కిటికీలు తెరుచుకుని, ఏసు శిష్యుల బొమ్మలు వరసగా వచ్చి పోతాయని గైడు పిల్ల చెప్పింది. వందలమంది తలలెత్తి నిలబడ్డారు. నూకాలమ్మ మొగుడి కుడి చెయ్యి పట్టుకుని నిలబడింది.

పన్నెండయింది. ఎముకల బొమ్మ ఒకటి గంట లాగింది. కిటికీలు తెరుచుకున్నాయి.

అప్పుడే సైరన్ మోగింది.

ఊరి కప్పులన్నిటి మీదనుంచి ఒక్కసారిగా లేచింది. అచ్చం కొండమీది సైరనే. "భాగో, భాగో, పక్కకి రండి!" అని మంగ్లూ నందే చెయ్యి పట్టి లాగి, ఎదుటి రాతి కమానుల కిందికి దూరాడు. దేవరాజు తల మీద చేతులు పెట్టుకుని వాళ్ళ వెనకే పరుగెత్తాడు. ఇన్నేళ్ళ అలవాటు, కాళ్ళు ఆగుతాయా? నూకాలమ్మ కాళ్ళు కూడా ఆమెను అడగలేదు. గోడకు వీపు ఆనించాక గానీ చేతిలో మొగుడి చెయ్యి లేదని ఆమెకు తెలియలేదు.

గైడు పిల్ల పరుగున వచ్చి, భయపడకండి, నెలనెలా మొదటి బుధవారం పన్నెండింటికి సైరన్లు పనిచేస్తున్నాయో లేదో చూస్తారు, అంతే అంది. దేవరాజు ఆ మాట తెలుగులో చెప్పగానే మంగ్లూ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏంది సార్, ఈడ గూడ బ్లాస్టింగేనా!"

దేవరాజు కూడా నవ్వబోయి, జనం వైపు చూసి ఆగిపోయాడు.

పైడయ్య ఉన్నచోటే ఉన్నాడు. సైరన్ ఊరంతా కమ్మేస్తుంటే, తల పైకెత్తి, నోరు కొంచెం తెరుచుకుని బొమ్మల్ని చూస్తున్నాడు. కుడి చెయ్యి పక్కకు చాచి, అక్కడ లేని పెళ్ళాం భుజం కోసం గాలిలో తడుముతున్నాడు. "సూడే నూకాలూ, ఆ గెడ్డపోడిని సూడు" అంటున్నట్టు పెదాలు కదులుతున్నాయి.

దేవరాజు మొహం పాలిపోయింది. మెల్లగా నూకాలమ్మ వైపు తిరిగాడు.

నవ్వేస్తే పోయేది. మావోడు మీలాగ పిరికోడు కాదు బాబూ అని ఒక్క మాట అనేస్తే దేవరాజు నమ్మేవాడు, నమ్మాలనే ఉంది ఆయనకు. పద్నాలుగు నెలలు గడిచిపోయేవి. ఆ మాట నూకాలమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఎన్నడూ చూడని ఆ ఇద్దరు ఆడవాళ్ళు, పువ్వు గంపలు నెత్తిన పెట్టుకుని గట్టు దాటుతూ, కళ్ళ ముందు కనిపించారు. ఇంక మోయలేననిపించింది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"మూడేళ్ళు బాబూ."

అన్నాక ఏడుపు తన్నుకొచ్చింది. మొగుణ్ణి నడి బజారులో నిలబెట్టి వదిలేసినట్టు సిగ్గేసింది. మూడేళ్ళ తర్వాత గుండె నిండా ఊపిరి అందింది, దానికి ఇంకా సిగ్గేసింది.

కిటికీలు మూసుకున్నాయి. చేతికి ఏమీ తగలకపోవడంతో పైడయ్య వెనక్కి తిరిగాడు. కమానుల కింద గోడకు వీపులు ఆనించి వరసగా నిలబడ్డ తనవాళ్ళను చూశాడు. మనుషులు అట్లా ఎప్పుడు నిలబడతారో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. మొహంలో నవ్వు పోయింది. దగ్గరకు వచ్చి పెళ్ళాం పెదాల వంక చూస్తూ అడిగాడు.

"సైరను మోగిందేటి?"

"మోగతానే ఉంది మావా."

పైడయ్య దేవరాజు వైపు చూడలేదు. బటను నొక్కే ముందు రోజూ కాపలావాళ్ళను అడిగే మాటే అడిగాడు.

"అందరూ పక్కకి ఎల్లిపోనారా?"

"అందరం ఒచ్చీసినాం" అంది నూకాలమ్మ. "నువ్వొక్కడివే ఉండిపోనావు."