సాయం పంపినవాళ్ల సరిహద్దు

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి పెద్దాయన రాజధాని పోయింది. పట్టుకున్నది పడమటి రాణి. అంతకు ముందు నూట యాభై వంతుల పాటు ఆవిడ ఆయనకు ప్రాణస్నేహితురాలు.

పెద్దాయన అంటే ఆ ఆటల కంపెనీ యజమాని. వాళ్లు తయారుచేస్తున్నది ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేసుకునే రాజ్యాల ఆట. ఒక రాజ్యం ఆడే మనిషిది, మిగతా ఐదూ కంప్యూటరువి. ఆ ఐదుగురూ ఎప్పుడు చెయ్యి కలపాలో, ఎప్పుడు యుద్ధం ప్రకటించాలో నిర్ణయించే ప్రోగ్రాం మూడేళ్లుగా ఒకామె రాస్తోంది. ఆఫీసంతా ఆమెను యుద్ధాలమ్మ అంటారు. వినగానే ముఖం ముడుచుకుంటుంది కానీ, లోపల ఆ పేరు ఇష్టమే.

"ఇదేం న్యాయమమ్మా? బందిపోట్లు మీద పడ్డారు, కాపాడమంది. నా కోటలు ఖాళీ చేసి సైన్యమంతా పంపాను. వాళ్లను తరిమాను. రెండు వంతులు తిరక్కుండానే నా మీదే యుద్ధమా? నేను చేసిన తప్పేంటో చెప్పు," అన్నాడు పెద్దాయన.

యుద్ధాలమ్మ బల్ల వెనక గోడకు ఒక తెల్ల బోర్డుంది. దాని పైన ఆమె చేత్తో రాసిన నియమం: ఏ యుద్ధానికైనా కారణం ఒక్క వాక్యంలో చెప్పాలి, చెప్పలేని యుద్ధం ఆటలో ఉండకూడదు. శుక్రవారాలు అందరూ కూర్చుని ఆడతారు. జరిగిన ప్రతి యుద్ధానికీ ఆమె ఒక వాక్యం రాస్తుంది. 'మాట తప్పాడు, అందుకని.' 'ఓడరేవు మూసేశాడు, అందుకని.' ఈసారి మాత్రం మార్కర్ మూత తీసి, ఏమీ తోచక అలాగే నిలబడింది.

సరిగ్గా అప్పుడు బావ గొంతు సవరించుకున్నాడు. బావంటే ఆమె సొంత అక్క మొగుడు, పటాల విభాగానికి పెద్ద. ఆటలో కనపడే కొండలూ నదులూ అతని మనుషులే గీస్తారు. కంపెనీ మొదటి ఆటకు వేసిన దీవుల పటం అతని పేరుతో ఫ్రేము కట్టి రిసెప్షన్‌లో వేలాడుతూ ఉంటుంది. అప్పట్లో అక్క కూడా అక్కడే బొమ్మలు వేసేది, పాప పుట్టాక మానేసింది.

"తప్పు మనదేనండీ," అన్నాడు బావ, వెన్న పూసినట్టు. "పాపం మా మరదలు ఒక్కతే ఎంతని చూస్తుంది? తన మనుషులిద్దరూ ఎలాగూ నా దగ్గరే ఉన్నారు. ఆ యుద్ధాల సంగతి కూడా నేనే చూసుకుంటాను. తనకి కాస్త ఊపిరాడుతుంది."

యుద్ధాలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఇద్దరూ అతని దగ్గర ఎందుకున్నారు? నెల కిందట పటాలు ఆలస్యమవుతున్నాయని కాళ్లావేళ్లా పడ్డది ఎవరు? ఆమె కుదరదంటే అక్క చేత ఫోన్ చేయించింది ఎవరు? "ఆయన అన్నం సరిగ్గా తినట్లేదే, నాలుగు రోజులు పంపితే నీ సొమ్మేం పోతుంది," అంది అక్క. అక్క మాట తీసేయలేక పంపింది. ఆ ఆఫీసులో మనిషి ఎక్కడికి మారితే కుర్చీ కూడా అక్కడికే మారుతుంది. పొడుగాయనా, కళ్లజోడమ్మాయీ తమ కుర్చీలు దొర్లించుకుంటూ బావ గదిలోకి వెళ్లారు. నాలుగు రోజులు కాస్తా నెల అయింది.

పెద్దాయన కాసేపు ఆలోచించాడు. "సోమవారం పదింటికి కారణం చెప్పమ్మా. చెప్పలేకపోతే యుద్ధాలు మీ బావకి ఇచ్చెయ్. ఆట చివర పేర్లలో కూడా ఆయన పేరే వేద్దాం," అన్నాడు.

మూడేళ్లు. ఐదుగురు రాజులకూ కోపాలు, భయాలు, పట్టింపులు ఒక్కొక్కటే కూర్చింది ఆమె. ఆ రాణి అలగడం కూడా ఆమె నేర్పిందే. ఇప్పుడు దాని కింద ఇంకొకడి పేరా?

శనివారం పొద్దున్నే వచ్చి కూర్చుంది. బావే ఏదో కెలికి ఉంటాడని ఆమెకు గట్టి అనుమానం. దొరికితే కడిగేద్దామని ప్రోగ్రాంలో జరిగిన మార్పులన్నీ తిరగేసింది. ఎవరూ చెయ్యి పెట్టలేదు. అది ఇంకా మండించింది. చివరికి ఆ వంతులో రాణి వేసుకున్న లెక్క తెరిచింది. అందులో రెండు వరసలు కనపడ్డాయి.

నా కోటలో పరాయి దళాలు: పద్దెనిమిది. ఆ పరాయివాడి సరిహద్దులో దళాలు: సున్నా.

అంతే. కోటలో దిగిన సైన్యం కాపాడటానికి వచ్చిందో, కాజేయడానికి వచ్చిందో రాణికి తెలియదు. పరాయి సైన్యం పక్కనుంటే భయపడమనీ, పక్కవాడి ఇల్లు ఖాళీగా ఉంటే దూకమనీ మూడేళ్ల కిందట రాసింది యుద్ధాలమ్మే. మధ్యలో సాయం అనేది ఒకటుంటుందని రాయడం మర్చిపోయింది. తప్పు నూటికి నూరుపాళ్లు ఆమెదే. తనను తాను నాలుగు తిట్టుకుంది.

దిద్దడానికి అరగంట పట్టింది. పిలిస్తే వచ్చిన సైన్యాన్ని చూసి భయపడకూడదు. వచ్చినవాడి ఇల్లు ఖాళీగా ఉన్నా దానివంక చూడకూడదు. చూసినవాడిని మిగతా నలుగురు రాజులూ నమ్మడం మానేస్తారు.

పని అయ్యాక వెనక్కి వాలింది. ఎదురుగా నేల మీద, రెండు కుర్చీలు ఉండాల్సిన చోట చక్రాలు అరగదీసిన గీతలున్నాయి. వాటినే చూస్తూ కూర్చుంది. రాణి వేసిన లెక్కే ఇంకెవరో కూడా వేశారని అప్పుడు తట్టింది. ఒళ్లంతా భగ్గుమంది.

సోమవారం పదింటికి అందరూ బోర్డు ముందు చేరారు. ఆమె ఎవరినీ పలకరించకుండా మార్కర్ తీసి రాసింది: 'సాయానికి మనుషుల్ని పంపాడు, ఇల్లు ఖాళీగా కనపడింది, అందుకని.'

కళ్లజోడమ్మాయి తల దించుకుంది.

"తప్పెవరిది?" అన్నాడు పెద్దాయన.

"నాదేనండీ. సాయమంటే ఏంటో రాణికి నేను నేర్పలేదు. శనివారం నేర్పాను, అరగంట పట్టింది." ఆమె బావ వైపు తిరిగింది. "అన్నీ తెలిసినవాళ్లకి ఎలా నేర్పాలో మాత్రం నాకు తెలియట్లేదు."

"ఇంటి విషయాలు ఇక్కడెందుకులే," అన్నాడు బావ నవ్వబోతూ.

"నేను ఇంటి విషయం అనలేదు బావా. మీకే అలా తోచింది."

పెద్దాయన బోర్డు వైపు, బావ వైపు చూశాడు. రాజధాని పోగొట్టుకున్న మనిషి కదా, ఆయనకు విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. "యుద్ధాలు ఈమె దగ్గరే ఉంటాయి. ఆ ఇద్దరూ ఎక్కడుంటారో వాళ్లిష్టం," అని వెళ్లిపోయాడు.

పొడుగాయన మారు మాట్లాడకుండా వెళ్లి తన కుర్చీ దొర్లించుకొచ్చాడు. కళ్లజోడమ్మాయి రాలేదు. బావ దగ్గరైతే త్వరగా పైకొస్తానని ఆమె లెక్క కాబోలు. రెండో చోటు ఖాళీగానే ఉండిపోయింది. గెలిచానన్న సంతోషం యుద్ధాలమ్మకు పిసరంత కూడా కలగలేదు.

భోజనాల వేళ అక్క ఫోన్ చేసింది.

"ఏమే, అందరి ముందు మీ బావ పరువు తీశావంట. ఏంటే ఈ యుద్ధం?"

"సాయానికి మనుషుల్ని పంపాను. నా ఇల్లు ఖాళీగా కనపడింది. అందుకని."

అక్క పరువు మాట వదిలేసి ఇంకోటి అడిగింది.

"రిసెప్షన్‌లో దీవుల పటం ఇంకా ఉందా?"

"ఉంది. ఎందుకు?"

"కుడి పక్కన, కింద, చేప ఆకారంలో చిన్న దీవి ఉంటుంది చూడు. అది నాకిష్టమని పెట్టుకున్నా. ఆ పటమంతా నేను గీసిందేనే. పాప పుట్టినప్పుడు, నేనొచ్చేదాకా చూసిపెట్టమని ఆయనకిచ్చాను. తిరిగొద్దామనుకునేసరికి దాని కింద ఆయన పేరుంది."

ఆ పటం ముందు నుంచే రోజూ లోపలికి వస్తోంది యుద్ధాలమ్మ.

"ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే యుద్ధమేగా," అంది అక్క. "మీ బావ చెప్పిన ఆ బోర్డు మీద ఇంకా చోటుందా?" అనడిగింది.

"ఉంది."

"అయితే నాది కూడా రాయి."

యుద్ధాలమ్మ మార్కర్ తీసింది. తన వాక్యం కిందే, అంతకంటే పెద్ద అక్షరాలతో రాసింది: 'వచ్చేదాకా చూసిపెట్టమని అక్క పటం ఇచ్చింది, బావ తన పేరు వేసుకున్నాడు, అందుకని.' మూత పెడుతుంటే, మంచినీళ్ల సీసా పట్టుకుని బావ అటువైపే వస్తూ కనిపించాడు. అతనికి బాగా కనపడేలా ఆమె బోర్డు ముందు నుంచి పక్కకు జరిగింది.