మూడు నిమిషముల మూగచిత్రము

మార్గశీర్ష మాసమున నొకనాటి ప్రభాతవేళ ఏలూరు పట్టణము సాంద్రతుషారధవళయవనికాంతర్హితమై యుండెను. ప్రాగ్దిశాముఖమున నుదయించిన దినమణిబింబము పాలలో దేలు నిత్తడిపళ్లెమువలె మసకమసకగా గానవచ్చుచుండెను. పాలవాని సైకిలుగంటయు దవ్వుల బస్సుల గర్జారవమును వీనులకు సోకుటయే గాని వానిని గాంచు భాగ్యము కన్నులకు లేకుండెను. అట్టి వేళ నొక డాబాపై శీతవాతకంపితగాత్రియైన యొక కన్యక కెమెరాను ముక్కాలిపై నిలిపి వీధి కావలి యరుగుపై గూర్చున్న తండ్రివంక గురిచేసి మంచు విరియుటకై వేచియుండెను.

ఆమె పేరు కుముదిని. హైదరాబాదు నగరమునందలి యొక సినిమా కళాశాలలో రెండవ వత్సర విద్యార్థిని. తండ్రి సత్యలింగము ముప్పది యేండ్లు బస్సుస్టాండులో మైకుముందు గూర్చుండి యే బస్సు ఏ ప్లాటుఫారముపై నున్నదో ప్రయాణికులకు జెప్పి చెప్పి యా యేడే పదవీవిరమణ మొందినవాడు. ఆ గంభీరమధురకంఠము నెరుగనివా రా చుట్టుపట్ల లేరు. ఆ మొగము నెరిగినవారు మాత్రము వీధికిద్దరైన నుందురో లేదో! పురిటిలోనే తల్లిని బోగొట్టుకొన్న బిడ్డను అతడా కంఠముతోనే జోకొట్టి యా కంఠముతోనే గదమాయించి పెంచి పెద్ద చేసెను.

ఆ కళాశాలయం దొక యాచారము గలదు. కథయు వేషములును లేని ప్రయోగచిత్రములను, ఒక్కొక్కటి మూడేసి నిమిషముల నిడివి గలవానిని, ప్రతి విద్యార్థియు నేడాదికి మూడు తీయవలెను. కుముదిని మొదటి చిత్రమున బకెట్టు నీటిలో బడిన యెండను దీసినది. రెండవదానిలో దండెముపై నారు చీరను వెనుకకు నడపినది. ఆ రెంటిని జూచి తోడివారు ముసిముసి నవ్వులు నవ్వుటయు నామె హాస్టలు గదిలో దుప్పటి ముసుగుపెట్టి యేడ్చుటయు జరిగినవి. మూడవదానికి ఆచార్య నరహరిగారు విధించిన నియమము మిక్కిలి కఠినము. మాటాడు మనుష్యుని మాట లేకుండ జూపవలెను. "శబ్దము సోమరికి ఊతకర్ర. దానిని విరిచి పారవైచి రండు" అని యాయన శాసించెను. తక్కినవారు గురువుగారి కన్నుగప్పి ధ్వనిని గూడ బట్టుకొని పిమ్మట దుడిచివైచిరి. మన కుముదినియో, నియమమన్న నియమమే యని మొండికెత్తి కెమెరాలో ధ్వనిమీట నాపివైచి, తండ్రి ముఖమున సహజభావము చెడకుండుటకై దూరపు కటకము దగిలించి ఎదురింటి డాబా యెక్కినది. శ్రద్ధ మితిమీరిన పిల్లలు మాత్రమే చేయగల పొరపాటిది!

డాబా యెక్కుటకు ముందామె తండ్రితో "నాన్నా, నీకు దోచిన దేదైన మాటాడుము. పెదవులు కదలిన జాలును. వినబడదు" అనెను.

సత్యలింగము పకపక నవ్వి "ఓసి పిచ్చితల్లీ! ముప్పది యేండ్లు మొగము లేని గొంతునై బ్రతికితిని. నేడు నన్ను గొంతు లేని మొగమును జేయ వచ్చితివా?" యనెను.

మంచు విరిసినది. లేత యెండ యరుగుపై బాకినది. కుముదిని చేయి యూపగనే సత్యలింగము మాటాడ దొడగెను. ఆమె కన్ను కటకమునకు గరచుకొనిపోయినది. వెలుగు చెంపపై నెంత పడినది, వెనుకనున్న నీలపు తలుపు చాలినంత మసకబారినదా యను విచారమే గాని తండ్రి యేమి చెప్పుచున్నాడను తలంపు ఆమె మనసున లేశమైన బొడమలేదు. రెండవ నిమిషము గడచుచుండగా అతడు కండువా కొంగు నోటికడ్డముగా బట్టుకొని మాటాడుచునే కంట దడిపెట్టెను. దానిని జూచి కుముదిని గుండె ఝల్లుమన్నది. దుఃఖముచే గాదు సుమా, ఆనందముచే! ఎంతటి చక్కని దృశ్యము చిక్కినదని లోలోన నెగిరి గంతులు వైచినది.

ఆమె దిగివచ్చునప్పటికి తండ్రి యరుగుకడనే నిలిచి యామె మొగమువంక నేదో యెదురుచూచుచున్నవాని వలె జూచుచుండెను. "అబ్బ! ఎంత బాగుగా వచ్చినది నాన్నా!" యని యామె సంచి సర్దుకొనసాగెను.

"అంతేనా తల్లీ?"

"అంతే నాన్నా. రైలు వేళయైనది."

"సరే, జాగ్రత్తగా బొమ్ము" అని యతడు సంచిలో నరిసెల పొట్లము పెట్టెను.

కళాశాలలో నా చిత్రమును జూచి నవ్విన వారొక్కరును లేరు. దీపములు వెలిగిన పిదప నరహరిగారు లేచి నిలిచి "ఆ కండువా! ఆ కండువాయే చిత్రమంతయు" అని చప్పట్లు చరచెను. ఆ పక్షములోనే సత్యలింగము రెండు పర్యాయములు ఫోను చేసెను. రెండు పర్యాయములును "ఎడిటింగులో నున్నాను నాన్నా, పిమ్మట మాటాడెదను" అని కుముదిని పెట్టివైచెను. మూడవ పర్యాయము ఫోను చేసినది ప్రక్కింటివారు. స్నానము చేసి వచ్చి కుర్చీలో గూర్చున్నవాడు కూర్చున్నట్లే యొరిగిపోయెనట!

కర్మలన్నియు ముగిసిన పిదప శోకదందహ్యమానహృదయయైన కుముదిని తండ్రి కంఠమును వెదుక నారంభించినది. బస్సుస్టాండులో నేనాటి ప్రకటన యానాటి గాలిలోనే కలసిపోయినది. ఇప్పుడచట యంత్రమే పలుకుచున్నది. ఫోనులోని మాటలును దక్కలేదు. జిల్లా జిల్లాయంతయు విన్న కంఠము బిడ్డకొక్క పలుకైన మిగులలేదు. మిగిలినదా మూగచిత్ర మొక్కటే. దానిని నూరుమారులు చూచినది. పెదవులు కదలుచున్నవి. ఏమి చెప్పుచున్నాడు? అయ్యో, కన్నతండ్రి మూడు నిమిషములు మాటాడగా ఏమంటివని యడుగని బిడ్డ యుండునా! ఈ యొక్క ప్రశ్న యామెను దిననీయలేదు, గూర్చుండనీయలేదు.

చివర కొక స్నేహితురాలు చెప్పగా బధిరుల పాఠశాలలో ఉపాధ్యాయినియైన సువర్చలాదేవికడకు బోయెను. బాల్యమున జ్వరము వచ్చి చెవులు పోయిన యామె పెదవుల కదలికను జూచియే మాటలను గ్రహించును. "అన్ని మాటలును పెదవులపై దెలియవమ్మా. తెలిసినంతవరకే చెప్పెదను" అని యామె తెరముందు గూర్చుండెను.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. జంగారెడ్డిగూడెము పోవు బస్సు మూడవ ప్లాటుఫారముపై సిద్ధముగా నున్నది" అని సువర్చల చదివెను. కుముదిని నవ్వుచు నేడ్చినది. "మా యమ్మాయి చలిలో నిలిచియున్నది. చెవులకు గుడ్డయైన గట్టుకొనలేదు. చెప్పిన వినదు" అని మరల జదివెను. పిమ్మట "కుముదా, మీ యమ్మ పోవుచు నీకు జెప్పుమన్న మాట యొకటి గలదు. ఇరువది యేండ్లుగా నా గొంతున నడ్డుపడియున్నది. నీ యెదుట జెప్పుటకు నోరు రాదు. నీకు వినబడదు గనుక నిప్పుడు…" అనుచుండగనే తెరపై సత్యలింగము కండువా నోటి కడ్డముగా బెట్టుకొనెను.

సువర్చల మాట యాగిపోయెను. తెరపై నా కండువా ముప్పది సెకండ్లు వణకుచునే యుండెను. లోకమంతయు మెచ్చిన దృశ్యమది. కుముదిని మరల వేయుమన్నది. మరల వేసినను కండువాయే. నాలుగు పర్యాయములైన పిదప సువర్చల తల యడ్డముగా నూపి "గుడ్డ వెనుకనున్న దానిని నేనేమి చదువుదును తల్లీ!" యని యామె చేయి పట్టుకొనెను.

చిత్రము ముందునకు సాగెను. కండువా దిగినది. సత్యలింగము ముక్కు తుడుచుకొని డాబావంక జూచి యేదో చిరునవ్వుతో బలికెను. సువర్చల దానిని జదివి చెప్ప జంకెను. కుముదిని బ్రతిమాలినది. అప్పుడామె మెల్లగా జదివెను.

"హమ్మయ్య! ఒకమారు పలికితిని గదా, ఇక భయము లేదు. అది దిగివచ్చి, ఏమంటివి నాన్నా యని యొక్కమారడిగిన జాలును. ఎదుటనే చెప్పివైచెదను."

కుముదిని లేచి తెరకు జేరువగా బోయి నిలిచెను. "ఏమంటివి నాన్నా?" యని యడిగెను. సత్యలింగము కండువా దులుపుకొని భుజముపై వైచుకొని యరుగుపై నుండి లేచెను.