నరసింహప్ప రేడియోలో ఈల

1965 సెప్టెంబరులో యుద్ధం మొదలైన నాలుగో రోజు నుంచి జిలాన్ బాషా నరసింహప్ప అరుగు మీదికి వార్తలు వినడానికి పోవడం మానేశాడు.

ఎవరూ రావద్దని చెప్పలేదు. మొదటి రోజు ఎప్పటిలాగే వెళ్ళి స్తంభానికి ఆనుకుని కూచున్నాడు. వార్తలు అయ్యాక ముత్యాలప్ప, "మనోళ్ళు బాగా తరుముతాండారంట" అని, బాషా వంక చూసి ఆగి, "అదే, మన మిలిటరీ" అన్నాడు.

"నా మిలిటరీ కూడా అదే కదన్నా" అన్నాడు బాషా. అందరూ నవ్వారు. మర్నాడు అతను అరుగెక్కగానే మాటలు ఆగిపోయాయి. మూడోనాడూ అంతే. నాలుగోనాడు తన రేడియో రిపేరు దుకాణం మూసి నేరుగా ఇంటికి పోయాడు.

మడకశిరకు ఆరు మైళ్ళలో ఉన్న హొన్నంపల్లిలో పెద్ద రేడియో ఒక్కటే, పట్టుచీరల వ్యాపారి నరసింహప్పది. కానీ చుట్టుపక్కల ఊళ్ళలో ఎక్కడ రేడియో మూగబోయినా బస్సు టాపు మీద హొన్నంపల్లికే వచ్చేది. బెంగళూరులో ఒక మలయాళీ మేస్త్రీ దగ్గర ఎనిమిదేళ్ళు పని నేర్చుకుని వచ్చిన బాషాకు సెట్టు మూత విప్పకముందే, అది చేసే గుర్రు విని, జబ్బు ఎక్కడుందో చెప్పడం అలవాటు.

"ఏమి, ఈ పొద్దు వార్తలకు పోలేదా?" అంది భార్య మస్తానాబీ.

"ఇంట్లోనే విందాం" అన్నాడు.

అటక మీద ఒక చెక్కపలక ఉంది. బెంగళూరులో ఉండగా సరదాకు కట్టుకున్న సెట్టు అది. గాజుబుడ్డిలాంటి ఒకే ఒక వాల్వు, రాగితీగ చుట్టిన రెండు కాయిల్సు, తిప్పడానికి ఒక గుండీ. లౌడుస్పీకరును పలికించే శక్తి దానికి లేదు, చెవులకు తగిలించుకుని వినాలి. బాషా దాన్ని దించి, దుమ్ము తుడిచి, కొత్త బ్యాటరీలు కలిపాడు. ఇంటి మీద రెండు వెదురుగడలు నాటి వాటి మధ్య తీగ లాగాడు. చెవులకు పెట్టుకునే పరికరాన్ని మధ్యకు విడదీసి ఒక చెవి గిన్నె తను పట్టుకుని, రెండోది ఆమెకు ఇచ్చాడు.

రేడియోలు బాగుచేసేవాడికి పెళ్ళామై పదకొండేళ్ళయినా మస్తానాబీ రేడియోను వీధిలో పోతూ వినడమే తప్ప ఇంత దగ్గరగా విన్నది లేదు. ఢిల్లీలో ఎవరో తెలుగులో చదువుతూంటే మధ్యలో ఆయన గుటక వేయడం కూడా వినిపించింది.

"ఆయప్ప నీళ్ళు తాగుతాండాడు" అంది, నవ్వుతూ.

ఆ రోజు నుంచి వార్తల వేళకు ఇద్దరూ తలలు దగ్గరగా పెట్టుకుని కూచునేవాళ్ళు. గొంతు సన్నగా వస్తే గుండీ తిప్పడం ఆమే నేర్చుకుంది. తిప్పితే రెండు కాయిల్సూ దగ్గరకు జరుగుతాయి, మాట గట్టిపడుతుంది. మరీ తిప్పితే కూయ్‌మంటుంది. మళ్ళీ కొంచెం వెనక్కి తిప్పాలి.

వారం గడిచింది. నరసింహప్ప జీతగాడు బాషా దుకాణానికి వచ్చి, యజమాని రమ్మన్నాడని చెప్పాడు. బాషా సంతోషంగానే వెళ్ళాడు.

"చూడు బాషా, వారం నుంచి ఇదే గోల" అన్నాడు నరసింహప్ప. "సరిగ్గా వార్తలప్పుడే ఈల వేస్తాండాది. పాటలప్పుడు లేదు, బెంగళూరు పెడితే లేదు. వార్తలకే ఏమొచ్చింది రోగం?"

బాషా సెట్టు విప్పాడు. వాల్వులు మార్చి చూశాడు, ఎర్తు తీగ చూశాడు. ఏ లోపమూ లేదు. ఇంతలో వార్తల వేళయింది. జనం వచ్చి అరుగు నిండారు. ముత్యాలప్ప అతన్ని చూసి కొంచెం ఎడంగా కూచున్నాడు. వార్తలు మొదలైన రెండు నిమిషాలకు ఈల వచ్చింది. సన్నగా మొదలై, లావై, మళ్ళీ సన్నగిల్లి ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది.

బాషా చెయ్యి స్క్రూడ్రైవరు మీదే ఆగిపోయింది. ఎవరో గుండీ తిప్పుతున్నట్టుంది ఆ ఈల. ముందుకు తిప్పి, ఎక్కువై, వెనక్కి తిప్పినట్టు. మస్తానాబీ చెయ్యి అది. వెనకవీధిలో, తన ఇంట్లో.

అతని ముఖం విప్పారింది. ఇన్నేళ్ళ పనిలో ఇలాంటి జబ్బు పట్టుకున్నది ఇదే మొదలు. సంబరం ఆపుకోలేక అందరికీ వినబడేలా చెప్పాడు.

"దొరికిందన్నా. నీ రేడియోలో ఏమీ లేదు. ఈల వేసేది నాది. మా ఇంట్లో చిన్న సెట్టుండాది. గుండీ ఎక్కువ తిప్పితే అది వినేది మానేసి, తానే కొంచెం తరంగం బయటికి వదుల్తాది. ఆ తరంగం, ఢిల్లీ నుంచి వచ్చే తరంగం నీ రేడియోలో కలుస్తాయి. రెండూ ఇంచుమించు ఒకటే, కానీ అచ్చంగా ఒకటి కాదు. ఆ తేడానే ఈలయితాది. రేపట్నుంచి తగ్గించి పెట్టుకుంటాంలే."

అరుగు మీద వార్తలు చదివే గొంతు ఒక్కటే వినిపిస్తోంది.

"బయటికి వదుల్తాదా?" అన్నాడు ముత్యాలప్ప. "యాడికి?"

"యాడికీ లేదన్నా, గాల్లోకి."

"మొన్న మీ కిటికీ పక్కన పోతాంటే చూసినా. చెవులకు పెట్టుకుని ఏందో తిప్పుతాండారు మొగుడూ పెళ్ళాం."

"వార్తలు వింటాంటిమి."

"ఈడికొచ్చి వినొచ్చు కదప్పా" అన్నాడు ముత్యాలప్ప.

దానికి బాషా దగ్గర జవాబు ఉంది. అయినా సెట్టు మూత బిగించి, అరుగు దిగాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరు పోలీసులు వచ్చారు. ఇంటి మీది తీగ తెంపి, చెక్కపలకను గోనెసంచిలో వేసుకుని, బాషాను ఠాణాకు తీసుకుపోయారు. సబిన్‌స్పెక్టరు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. కొట్టలేదు, తిట్టలేదు. బెంచీ చూపించి కూచోమన్నాడు.

"నీ రేడియో నుంచి తరంగాలు బయటికి వెళ్తాయా, వెళ్ళవా?"

"పోతాయి సార్. కానీ..."

"కానీ సంగతి తర్వాత. వెళ్తాయా?"

"పోతాయి. రెండు వీధులు దాటవు సార్. అది పలకలేదు, ఊరికే కూస్తాది. దాంట్లో మాట పంపించేదానికి లేదు."

"పొట్టి కూతా పొడుగు కూతా, వాటితోనే కదయ్యా తంతి నడుస్తుంది" అన్నాడు ఆయన, నెమ్మదిగా.

నరసింహప్పను పిలిపించారు. ఆయన చేతులు కట్టుకుని నిలబడి, మంచి చేస్తున్నాననే నమ్మకంతో చెప్పాడు. "బాషాను ఏండ్ల నుంచి చూస్తాండా సార్. అబద్ధం చెప్పే మనిషి కాదు."

"అంటే నిన్న మీ అరుగు మీద చెప్పింది కూడా నిజమే అంటారు."

సబిన్‌స్పెక్టరు ఆ మాట రాసుకున్నాడు. తన సెట్టు నుంచి తరంగాలు బయటికి పోతాయని ముద్దాయి తానే ఒప్పుకున్నాడనీ, అతను నిజాయితీపరుడని సాక్షి చెప్పాడనీ ఆ కాగితంలో ఉంది. బాషా మూడుసార్లు చదివాడు. ఒక్క అబద్ధం కనిపించలేదు. సంతకం పెట్టాడు.

యాభై మూడు రోజులు అనంతపురం జైల్లో ఉంచారు. యుద్ధం అందులో పది రోజుల్లోపే ఆగిపోయింది. మస్తానాబీ రెండుసార్లు బస్సులో వచ్చి, ఒకసారి మాత్రం చూడగలిగింది. దుకాణం సంగతి చెప్పింది. బాగుచేయడానికి ఇచ్చిన సెట్లను జనం తాళం పగలగొట్టి తీసుకుపోయారట. ఎవరిది ఎవరు పట్టుకుపోయారో తెలియదు. బాషా పనిముట్ల పెట్టె కూడా పోయింది.

"నరసింహప్పన్న దగ్గరికి పోయినావా?"

"పోయినా. 'నేను మంచే చెప్పినానమ్మా' అన్నాడు. లోపలికి రమ్మనలా."

చివరికి బెంగళూరు నుంచి ఒక వైర్‌లెస్ ఆఫీసరు వచ్చాడు. బల్ల మీద చెక్కపలక చూడగానే ఆయనకు నవ్వొచ్చింది. బ్యాటరీ కలిపించి, కూత ఎంత దూరం పోతుందో చూడడానికి మరో రేడియో పట్టుకుని వీధి చివరికి నడిచి వచ్చాడు. పావుగంట పట్టింది అంతా కలిపి.

"ఇలాంటివి బెంగళూరులో కాలేజీ కుర్రాళ్ళు వందలు కట్టుకుంటారు. కూయడమే తప్ప దీనికి మరొకటి చేతకాదు" అని రాసిచ్చాడు. పోతూ పోతూ బాషాతో, "కాయిల్సు నువ్వే చుట్టావా? చాలా శుభ్రంగా చుట్టావు" అన్నాడు.

ఆ ఒక్క మాటకు, అన్ని రోజులూ ఏడవని బాషా, కళ్ళు తుడుచుకున్నాడు.

బాషాను వదిలారు కానీ సెట్టు తిరిగి ఇవ్వలేదు. దాని మీద నంబరు వేసి చీటీ కట్టామనీ, పై నుంచి హుకుం రావాలనీ అన్నారు. బాషా అడగడం రెండోసారికే మానుకున్నాడు.

ఊరికి వచ్చిన పది రోజులకు నరసింహప్ప అతని ఇంటికి వచ్చాడు. ఇన్నేళ్ళలో ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. మస్తానాబీ చాప వేసింది. ఆయన కూచోలేదు.

"నేను పోలీసులకు పిటీషను పెట్టలేదప్పా. నా రేడియో మీద ఒట్టు."

"తెలుసన్నా."

"అసలు నిన్నెవరు అడిగినారు? ఈల వస్తాండాది, యాడిదో తెలీదు అంటే సరిపోయేది కదా. ఇంటికి పోయి గుండీ తగ్గించుకుంటే ఎవరికి తెలిసేది? నీ విద్దె నువ్వే చూపించుకుంటివి."

"నువ్వు జబ్బు చెప్పమని పిలిచినావన్నా."

"అందరి ముందర చెప్పమన్నానా?"

నరసింహప్ప తలుపు మీద చెయ్యి వేసి, "దుకాణం మళ్ళీ తెరువు. నా సెట్టు పంపిస్తా" అని వెళ్ళిపోయాడు.

దుకాణం తెరిచాడు. బస్సులు ఆగాయి, పోయాయి. టాపు మీద సెట్లున్నాయి, హిందూపురం పోతున్నాయి. నరసింహప్ప సెట్టు రాలేదు. ఒకసారి ముత్యాలప్ప టార్చిలైటు తెచ్చాడు, బాషా విప్పుతున్నంతసేపూ అతని చేతుల వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఆ ఏడు వానలు కూడా లేవు. ఎండాకాలం రాకముందే బాషా బోర్డు దించి, భార్యను తీసుకుని చిలమత్తూరులో ఆమె పుట్టింటి వైపు చేరాడు. బావమరిది మీరా హుస్సేన్‌కు అక్కడ డబ్బాలూ చేటలూ చేసే రేకుల దుకాణం ఉంది. బాషా అందులో కూచుని కత్తిరించడం, అతకడం మొదలుపెట్టాడు. అతుకు వేయడంలో అతని చెయ్యికి తిరుగులేదు.

ఒకనాడు నూనెడబ్బా చేయించుకోవడానికి వచ్చిన పెద్దాయన బయ్యన్న ఆ అతుకు మీద వేలు రాసి చూసి, "ఏమప్పా, ఇంత నున్నగా అతికినావు. ముందర యాడుంటివి? ఏం పని చేస్తాంటివి?" అని అడిగాడు.

"రేకుల పనే అన్నా. చిన్నప్పట్నుంచీ ఇదే" అన్నాడు బాషా.

భోజనం తెచ్చిన మస్తానాబీ గడప దగ్గర ఆగింది. అతను ఆమె వైపు చూడలేదు. ఆమె క్యారియరు కింద పెట్టి, ఎండలో ఇంటిదారి పట్టింది.