కొండ కూర్చున్న పూట

పొద్దున్నే నిదానమ్మ చేసే మొదటి పని, బస్సు దిగిన పెళ్లివారిని కోప్పడటం. "నిదానం. ఎవరూ తరమట్లేదు" అంటుంది. ఆ మాట అనీ అనీ ఆవిడ అసలు పేరు అందరూ మర్చిపోయారు, నిదానమ్మే ఖాయమైపోయింది.

కొండ మీది హోటల్లో పెళ్లంటే అందరికీ సరదానే. గాలి మాత్రం ఎవరి సరదానీ పట్టించుకోదు. కింద మేడమెట్లు పరుగెత్తి ఎక్కేవాడు కూడా పైన బూట్ల లేసు కట్టుకుంటే చాలు, ఆయాసపడతాడు. అందుకే వచ్చినవాళ్లందరినీ సగం దారిలోని విడిదిలో ఒక రాత్రి ఆపేస్తుంది నిదానమ్మ. నీళ్లు తాగిస్తుంది, తేలిగ్గా తినిపిస్తుంది, మందు సీసాలు లాక్కుని తాళం వేస్తుంది. మర్నాడు వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు తగిలించి, అందులో అంకె నచ్చితేనే పైకి వదుల్తుంది. ఇన్నేళ్లలో ఆవిడ పంపిన ఒక్క చుట్టాన్ని కూడా స్ట్రెచర్ మీద దించలేదు. ఆ గొప్ప ఆవిడ చెప్పుకోదు. హోటలు వంటవాడు చెప్తాడు. వంటవాడు ఆవిడ మొగుడే లెండి.

ఇక కొండ సంగతి. ఆ కొండ అప్పుడప్పుడూ కూర్చుంటుంది. ఏడాదికో రెండేళ్లకో బుద్ధి పుట్టినప్పుడు చతికిలబడి, చీకటి పడేలోపు ఒక్క ఊపున లేస్తుంది. అందుకే మలుపు దగ్గర బోర్డు మీద ఎత్తు సుద్దముక్కతో రాస్తారు. అందరికంటే ముందు తెలిసేది వంటవాడికి. ఎత్తులో అన్నం ఓ పట్టాన ఉడికి చావదు. కొండ కూర్చుందా, అదే మంట మీద ముద్దయి కూర్చుంటుంది. "కూర్చున్నాడు పెద్దాయన" అని విసుక్కుంటూ ఇంకో ఎసరు పెడతాడు. అడిగితే మాత్రం కొండ కూర్చోదు. హోటలు యజమాని ఎన్నోసార్లు బతిమాలి విసిగిపోయాడు. నిదానమ్మ ఎన్నడూ అడగలేదు. పెద్దాయన పని పెద్దాయనది, నా పని నాది అనేది.

ఆ వారం పెళ్లివారిలో పెళ్లికొడుకు బాబాయి ఒకాయన, రోజూ వ్యాయామం చేసే మనిషినని విడిది మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, తల పట్టుకుని మూల కూర్చున్నాడు. ఆయన్ని పడుకోబెడితే సరిపోయింది. అసలు పేచీ పెళ్లికూతురి అమ్మమ్మతో వచ్చింది.

అమ్మమ్మ జీవితమంతా లాండ్రీ నడిపింది. ఆవిరీ, మరకలు తీసే మందుల ఘాటూ పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యాయి గానీ నడుము వంగలేదు. ఆ బట్టల మూటల మధ్యే మనవరాలిని చంకనెత్తుకుని పెంచింది. పెళ్లిబట్టలు తనే ఇస్త్రీ చేసి, ఇంకొకరిని తాకనివ్వకుండా ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది.

పెళ్లినాడు పొద్దున క్లిప్పు తగిలిస్తే అంకె పలకలేదు. నిదానమ్మ వేళ్లకేసి చూసింది. గోళ్లకి ఎర్రటి రంగు, అదీ నిన్న లేనిది. దూదీ, రంగు తీసే మందూ తెచ్చి తుడిచింది. కింద గోళ్లు నీలంగా ఉన్నాయి. ఈసారి పలికిన అంకె చూసి క్లిప్పు జేబులో వేసుకుంది.

"రంగు బావుంది పెద్దమ్మా. పైకి మాత్రం వెళ్లడానికి లేదు."

డాక్టరూ ఫోన్లో అదే అన్నాడు. సంగతి తెలిసి, ముందే పైకెళ్లిన పెళ్లికూతురు విడిదికి దిగొచ్చింది. పెళ్లి ఇక్కడే, ఈ వరండాలోనే చేసుకుంటానంది. అమ్మమ్మకి కోపమొచ్చింది.

"పైనే చేసుకుంటానని పలక పట్టినప్పటి నుంచీ అంటున్నావు. నా మూలాన తగ్గావంటే నేను తలెత్తుకోలేను. వెళ్లి ముస్తాబవ్వు, వెనకే వస్తాను" అని బట్టల పెట్టె చేతిలో పెట్టి పంపేసింది.

పిల్ల నమ్మి వెళ్లింది. అది మలుపు తిరిగాక అమ్మమ్మ ఏడ్చింది. ఆక్సిజన్ సిలిండరు పెట్టించి తీసుకెళ్లు, ఒక్క పూటేగా, పోతే పోతాను అంది. నిదానమ్మ ఒప్పుకోలేదు. పెరట్లోకెళ్లి కొండ ఎదురుగా నిలబడింది.

"పెద్దాయనా, ఎన్నడూ నిన్నేమీ అడగలేదు. ఇప్పుడు కూడా వంగమనట్లేదు, ఆవిడా వంగే రకం కాదు. పెళ్లికొచ్చిన పెద్దవాళ్లు కూర్చుంటారు. కూర్చుంటే తక్కువైపోరు."

చాలాసేపు ఏమీ జరగలేదు. నిదానమ్మ అడిగినందుకు సిగ్గుపడుతూ లోపలికొచ్చి కప్పులు కడుగుతుంటే ఫోన్ మోగింది. పై నుంచి మొగుడు. గుండిగల్లో అన్నమంతా ముద్దయిందనీ, పెళ్లివారికి మొహం ఎలా చూపించాలనీ లబోదిబోమంటున్నాడు. నిదానమ్మ ఫోన్ పెట్టేసి అమ్మమ్మ చెయ్యి పట్టుకుని చూసింది. గోళ్లు గులాబీరంగుకి తిరిగాయి. క్లిప్పు పెట్టింది. అంకె నచ్చింది.

"లేవండి పెద్దమ్మా. నిదానం."

అమ్మమ్మ పెళ్లిలో ముందు వరసలో నిటారుగా కూర్చుంది. మనవరాలి బట్టల మీద ఒక్క ముడత లేదని పక్కవాళ్లందరికీ చూపించింది. మెత్తబడిన అన్నం మీద ఎవరూ పల్లెత్తు మాటనలేదు. బాబాయి మూడుసార్లు వడ్డించుకున్నాడు.

చీకటి పడేలోపు కొండ లేస్తుందని, అమ్మమ్మని దించడానికి కారు సిద్ధంగా పెట్టారు. కొండ లేవలేదు. మర్నాడు కొంచెం లేచి ఆగింది. ఆ మర్నాడు ఇంకొంచెం. కాపలావాడు రోజూ బోర్డు తుడిచి కొత్త ఎత్తు రాశాడు. నిదానమ్మ రోజూ పైకెళ్లి అమ్మమ్మకి క్లిప్పు పెట్టి చూసింది. కొండ ఎంత లేస్తే అమ్మమ్మ ఊపిరి అంతకి అలవాటు పడుతూ వచ్చింది. కొండ నిండా నిలబడేసరికి ఆవిడ హోటలు లాండ్రీలో చేరి, అక్కడి ఇస్త్రీ ఎంత అధ్వాన్నంగా ఉందో అందరికీ చెప్తోంది. మా ఆవిడ పద్ధతి కొండకి కూడా వచ్చేసిందని వంటవాడు కనబడ్డవాళ్లకల్లా చెప్పుకున్నాడు. నిదానమ్మ ఊరుకోమనలేదు.

తర్వాత మనవరాలు మొగుడితో చూడ్డానికొచ్చింది. విడిదిలో ఒక రాత్రి ఆగి పైకొచ్చినా, బస్సు దగ్గర నుంచి నాలుగడుగులు వేసేసరికి రొప్పు వచ్చింది. అమ్మమ్మ దాని చేతిలో సంచి లాక్కుని ముందు నడుస్తోంది.

"ఇంత ఎత్తు ఎలా ఎక్కావే అమ్మమ్మా?"

అమ్మమ్మ వెనక్కి తిరిగింది. "నేనెక్కడెక్కానే. నన్ను ఎత్తుకున్నారు" అంది. సంచి ఇంకో చేతికి మార్చుకుని, నడిచేటప్పుడు మాట్లాడొద్దని మనవరాలిని కోప్పడింది.