సారు ఫైల్లో ముట్టుకోకూడని అంకె

ఆమె ఆ అంకె మార్చింది బొమ్మ అందంగా రావాలని, అంతే. నిజం తేల్చుకుందామని కాదు. నిజాలు తేల్చుకునే ఓపిక ఆమెకు ఎప్పుడో అయిపోయింది.

పొద్దున పాలిటెక్నిక్‌లో పాఠాలు, మధ్యాహ్నం నుంచి యూనివర్సిటీ లాబ్, సాయంత్రం ఇంట్లో కనబడినవాళ్ల మీదల్లా చిరాకు. ఏళ్ల తరబడి ఇదే గానుగ. పరిశోధన పేరు మాత్రం ఘనంగానే ఉంటుంది. హైవోల్టేజి లైన్లో కరెంటును తెంచే బ్రేకర్ తెరుచుకున్న రెప్పపాటులో వోల్టేజి ఎలా ఎగిరిపడుతుందో లెక్కగట్టడం. ట్రాన్సియెంట్స్ అంటారు వాటిని. అవి పుట్టి చచ్చేది రెప్పపాటులోనే, వాటి వెనకపడ్డవాళ్ల వయసు మాత్రం తీరిగ్గా కరుగుతుంది. అత్తగారు ఇరుగుపొరుగుకు వేరేగా చెప్పుకునేది. "మా కోడలు డాక్టరవుతోంది. కాకపోతే సూది వెయ్యదు."

ఎట్టకేలకు గట్టు కనబడింది. థీసిస్ రాయడం అయిపోయింది, గైడు సంతకం పెడితే చాలు. ఆ గైడు, లాబ్‌లో అందరికీ సారు, ఈ శుక్రవారం రిటైరవుతున్నాడు. ఆయన కుర్చీ దిగేలోగా సంతకం పడకపోతే ఇంకో గైడును వెతుక్కోవాలి, కథ మళ్లీ మొదటికొస్తుంది. పాలిటెక్నిక్‌లో ఆమె ఉద్యోగం పర్మనెంటు కావాలన్నా ఆ పట్టా చేతికి రావాల్సిందే.

అంతా బాగుంది, ఒక్క గ్రాఫు తప్ప. అందులోని అల వంపులు తిరగకుండా రంపం పళ్లలా గరుకుగా ఉంది. ఈ లెక్కలు చేసేటప్పుడు కంప్యూటరు కాలాన్ని సన్నసన్న ముక్కలుగా తరిగి, ఒక్కో ముక్కకూ వోల్టేజి ఎంతో చూస్తుంది. ముక్క ఎంత సన్నమైతే గీత అంత నున్నన. అయితే ఆ లాబ్‌లో ఒక ఆనవాయితీ ఉంది. సారు ఇచ్చిన ఫైల్లో ఏదైనా మార్చుకోవచ్చు, ముక్క సైజు చెప్పే అంకె జోలికి మాత్రం వెళ్లకూడదు. వెళితే తెల్లారినా లెక్క తేలదని ఏ పాత కంప్యూటర్ల కాలంలోనో ఎవరో సీనియర్ అన్నాడు. కంప్యూటర్లు మారాయి గానీ మాట మారలేదు. కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ మొదటి రోజే ఆ మాట చెవిన పడేది.

ఆమె దాన్ని సగం చేసింది. గీత నున్నబడలేదు. రంపం పళ్లు రెట్టింపయ్యాయి. మళ్లీ సగం చేసింది. మళ్లీ రెట్టింపయ్యాయి.

ఆ అల నిజంగా లైన్లో పుట్టిందైతే, ఏ ముక్కలతో కొలిచినా దాని ఊపు మారకూడదు. ముక్కముక్కకూ పైకీ కిందికీ ఊగుతోందంటే అది లైన్లోది కాదు, లెక్కలోది. ఆ అలను అణచడానికి కాయిల్ పక్కన రెసిస్టరు పెట్టాలని ఆమె థీసిస్ పొడుగునా వాదించింది. లేని జబ్బుకు మందు కనిపెట్టి కూర్చుంది. పైగా ఆ జబ్బు ఉందని మొదట చెప్పిన పేపరు సారుదే. ఆయనకు పేరు తెచ్చింది కూడా అదే.

వరండాలోకి వచ్చి మొగుడికి ఫోన్ చేసింది. అతను సిటీ బస్సు డ్రైవరు, డిపోలో ఉన్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"ఎవరైనా పట్టుకుంటారా?" అన్నాడు.

"ఇన్నాళ్లూ ఎవరూ పట్టుకోలేదుగా."

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. అలా ఉంది మన వ్యవహారం."

ఆమెకు నవ్వొచ్చింది, నవ్వు మధ్యలోనే ఏడుపూ వచ్చింది.

"ఏడ్చేదేదో ఇప్పుడే ఏడ్చెయ్," అన్నాడతను. "నీ ఇష్టం ఎలా ఉంటే అలా చెయ్. ఎన్నాళ్లకో నన్ను నిద్రలేపి, ఆ సంతకం పెట్టించుకోకుండా ఉండాల్సింది అని మాత్రం అనకు. పొద్దున్నే డ్యూటీ నాకు."

సారు గదిలో అట్టపెట్టెలు గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి. బల్ల మీద కంప్యూటరొక్కటే మిగిలింది. "రామ్మా, నీ కోసమే పెన్ను బయట ఉంచా," అన్నాడాయన. ఆమె లాప్‌టాప్ తెరిచి మూడు గ్రాఫులూ ఒకదాని కింద ఒకటి చూపించింది. ఆయన కళ్లజోడు సర్దుకుని చూశాడు. ఆశ్చర్యపోలేదు. దాంతో ఆమెకు అర్థమైపోయింది.

"మీకు తెలుసా సార్?"

"అనుమానం ఉండేది."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు చేరకముందు నుంచీ."

"మరి ఒక్కసారైనా సగం చేసి చూడలేదా?"

"చూస్తే తెలిసిపోతుంది కదమ్మా."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. తెలిసీ తనను ఈ గానుగకు కట్టాడీ మనిషి. అరవాలనుకుంది. కానీ కోపం కన్నా అలసట పెద్దదైపోయి, గొంతులోంచి మూడే మాటలు వచ్చాయి.

"నా ఏళ్లు సార్."

ఆయన తలెత్తలేదు. ఆమె తెచ్చిన సంతకం కాగితం ముందుకు జరుపుకుని, పెన్ను మూత తీశాడు. "సంతకం పెట్టేస్తానమ్మా. నువ్వు గట్టెక్కు. నేనెలాగూ పోతున్నా, ఎవరూ అడగరు."

ఆ కాగితం ఆమె ఆయన చేతి కిందనుంచి లాక్కుంది. అలా లాక్కోగలనని అప్పటిదాకా ఆమెకే తెలియదు. "వద్దు సార్. రేపు నా దగ్గరా పిల్లలు చేరతారు. వాళ్లకూ ఆ అంకె ముట్టుకోవద్దనే చెప్పమంటారా?"

ఆయన పెన్నుకు మూత పెట్టాడు. "నా పేపరు తప్పుడుదని నువ్వు రాస్తే, నా స్నేహితుల్లో ఒక్కడూ నీకు గైడుగా ఉండడు," అన్నాడు. "నేనే రాస్తా. రాసి, నిన్ను తీసుకోమని వాళ్లను నేనే అడుగుతా. వాళ్లు ఒప్పుకుంటారో లేదో చెప్పలేను."

కంప్యూటరు ముందుకు కుర్చీ లాక్కుని, ఆ పేపరు అచ్చేసిన పత్రికకు రెండు వేళ్లతో ఉత్తరం టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. ఆమె ఒక అట్టపెట్టె మీద కూలబడింది. కొంతసేపటికి టకటక ఆగింది.

"పొరపాటు జరిగిందని రాయనా అమ్మా, తప్పు జరిగిందని రాయనా?" ఆయన అడిగింది తప్పించుకోవడానికి కాదు. నిజంగానే తోచక అడిగాడు.

ఆమె మొహం తుడుచుకుంది. "అప్పుడు జరిగింది పొరపాటు సార్. ఆ తర్వాత చూడకపోవడం తప్పు."

ఆయన మళ్లీ కీబోర్డు మీదికి వంగాడు. రెండూ రాశాడు.