రెప్ప వేయని ఎర్ర దీపం

ఆ శనివారం పొద్దున పదిన్నరకి మా కంప్యూటర్ నాలుగోసారి కొయ్యబారిపోయింది. తెర మీది బాణం గుర్తు ఎక్కడున్నది అక్కడే. మౌస్‌ని ఎంత లాగినా కదలదు, ఏ మీట నొక్కినా ఉలకదు పలకదు. మైకు ముందు సగం చదివిన వాక్యం నా నోట్లోనే ఉండిపోయింది.

నేను చూపులేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేస్తుంటాను. అప్పుడు చదువుతున్నది ఫిజియోథెరపీ పుస్తకం. అన్ని అధ్యాయాలూ అయిపోయి, మోకాలి గురించిన చివరి పదకొండు పేజీలు మిగిలాయి. వాటి కోసం ఎదురుచూస్తున్న అమ్మాయి పొద్దున్నే ఫోన్ చేసింది.

"అక్కా, సోమవారం పొద్దునే పరీక్ష. మోకాలి మీద ప్రతి ఏడూ పెద్ద ప్రశ్న వస్తుందట. సాయంత్రం ఐదుకల్లా పంపగలవా?"

పంపేస్తానని మాటిచ్చేశాను. తీరా చూస్తే మూడు పేజీలు కూడా సాగడం లేదు. ఆగిన ప్రతిసారీ అప్పటిదాకా చదివింది గాలికి పోతోంది.

కంప్యూటర్ షాపతనికి ఫోన్ చేశాను. "వైరస్ అయ్యుంటుందమ్మా. తెచ్చిచ్చేయండి. అంతా చెరిపేసి కొత్తగా ఎక్కిస్తా. సోమవారం సాయంత్రానికల్లా అయిపోతుంది."

"సోమవారం సాయంత్రానికి పరీక్షే అయిపోతుంది" అని పెట్టేశాను.

రెండు రోజులు ఉందామని వచ్చిన మా మేనత్త పక్కగదిలోంచి ఇదంతా విన్నది. ముప్పైయేళ్లు బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచేసిన మనిషి. కంప్యూటర్‌ని మాత్రం ఎప్పుడూ దూరం నుంచి చూసిందే తప్ప తాకింది లేదు.

"రోగమేంటో చూడకుండానే చెరిపేస్తాడా?" అంటూ కళ్లజోడు సర్దుకుని వచ్చింది. "పిల్లా, ఆగిపోయే ముందు అదేం చేస్తుంది?"

"ఏం చేయదత్తా. ఆగిపోతుందంతే."

"ఊరికే ఏదీ ఆగదే. దారం తెగుతోందంటే మేం ముందు సూది మార్చం. ఎప్పుడు తెగుతోందో చూస్తాం. కాగితం తీసుకో, టైము రాయి. ఇంకోటి, ఒక్కసారికి ఒక్కటే మారుద్దాం. నాలుగూ కలిపి కెలికితే ఏది కుదిరిందో దేవుడికి కూడా తెలీదు."

ముందు వేడి సంగతి చూద్దామన్నాను. కరెంటు తీసేసి, సీపీయూ పెట్టెను బల్ల కిందనుంచి ఇవతలికి లాగి పక్క రేకు విప్పాం. లోపలి ఫ్యాను మీద దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది. అత్త తన సంచిలోంచి బ్రష్షు తీసింది. మిషన్ పళ్ల సందుల్లో దుమ్ము దులిపే బ్రష్షట. ఎక్కడికెళ్లినా వెంట ఉంటుందట. ఇద్దరం తుమ్ముతూ తుడిచాం. మళ్లీ ఆన్ చేస్తే ఫ్యాను చప్పుడే లేకుండా తిరిగింది. "భలే!" అన్నాను. పదకొండూ ఇరవైకి మళ్లీ బిగుసుకుపోయింది.

"సరే, దొంగ దుమ్ము కాదు. ఒకడు తప్పించుకున్నాడు, రెండోవాణ్ణి పిలువు" అంది అత్త. ఆవిడ కళ్లు వెలుగుతున్నాయి. నాకైతే ఏడుపొస్తోంది.

రెండోవాడు మెమరీ పలక. దాన్ని పీకి, అంచున ఉన్న బంగారు రంగు పళ్లను పెన్సిలు రబ్బరుతో రుద్దితే సరిపోతుందని ఎక్కడో విన్నాను. రుద్దాం. తిరిగి టక్కుమనేదాకా నొక్కాం. పన్నెండూ పదికి మళ్లీ అదే పాట.

నేను తల పట్టుకున్నాను. అత్త మాత్రం పెట్టె ముందు చతికిలబడి, దాన్ని మాట్లాడనివ్వాలన్నట్టు చూస్తూ కూర్చుంది.

"నువ్వు చదువుకో. నేను దీన్ని చూస్తా."

మళ్లీ మొదలుపెట్టాను. రెండు పేజీలు గడిచాయి. మూడో పేజీలో, "పిల్లా!" అని ఒక్క కేక వేసింది. ఉలిక్కిపడ్డాను. తెర బిగుసుకుపోయి ఉంది.

"ఈ ఎర్ర దీపం చూడు! ఇందాకటిదాకా మిణుకుమిణుకుమంటా ఉంది. ఇప్పుడు రెప్పే వేయట్లేదు. అది అలా నిలిచిపోయాకే నీ బొమ్మ ఆగింది. ఏం దీపమిది?"

ఆరేళ్లుగా ఆ దీపం నా మోకాలి పక్కనే వెలుగుతోంది. ఒక్కనాడూ పట్టించుకున్న పాపాన పోలేదు. "హార్డ్ డిస్క్ పనిచేస్తున్నప్పుడు మిణుకుతుందత్తా. మనం దాచినవన్నీ అందులోనే ఉంటాయి." అంటూండగానే తట్టింది. డిస్కు పోతే పుస్తకం మొత్తం పోతుంది!

"అయితే ముందు సరుకు బయట పెట్టు. మరమ్మతు తర్వాత."

మళ్లీ ఆన్ చేసి, పాత అధ్యాయాలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. అదృష్టం, మధ్యలో ఆగలేదు. డిస్కు నుంచి లోపలి బోర్డుకు సన్నటి ఎర్ర తీగ ఒకటి పోతోంది. దాని మెడ దగ్గర మడత పడి ఉండటం అత్త కళ్లబడింది. చెక్క స్కేలు అందుకుని, ఆ తీగను చివరతో అలా కదిపిందో లేదో, దీపం నిలిచిపోయింది. తెర ఆగిపోయింది.

"దొరికాడు దొంగ!" ఇద్దరం ఒకేసారి అరిచాం.

కాకతాళీయమేమోనని మళ్లీ ఆన్ చేసి మళ్లీ కదిపాం. మళ్లీ ఆగింది. చెడిపోయిందని తేలినందుకు అంత సంబరపడ్డవాళ్లు మేమే అయ్యుంటాం.

"ఇప్పుడు కొత్త తీగెక్కడ తేవాలి? షాపతను భోజనానికి మూసేసుంటాడు."

అత్త పెట్టెలోకి తొంగి చూసింది. "అదిగో, అలాంటిదే ఇంకోటుందిగా. అది దేనికి?"

అది సీడీ డ్రైవుది. ఆ డ్రైవు వాడి నాలుగేళ్లయింది. నవ్వాలో, నన్ను నేను తిట్టుకోవాలో తెలియలేదు. కరెంటు తీసి, ఆ తీగను పీకి డిస్కుకు తగిలించాం. ఆన్ చేశాం. అత్త స్కేలుతో కదిపింది. దీపం మిణుకుమిణుకుమంటూనే ఉంది. ఇంకాస్త గట్టిగా కదిపింది. ఊహూ, చలించలేదు.

"చదువు, చదువు!" అని తొందరపెట్టింది.

ఒకటీ యాభైకి మొదలుపెట్టాను. అత్త చప్పుడు రాకుండా తలుపేసి, సీలింగ్ ఫ్యాన్ ఆపి, పెట్టె పక్కన పీట మీద చెమటలు కక్కుతూ కూర్చుంది. పేజీ దాటినప్పుడల్లా ఒక వేలు మడిచింది. పది వేళ్లూ అయిపోయాక పదకొండో పేజీకి ఏం మడవాలో తెలియక నా కేసి చూసింది. నవ్వాపుకోలేక ఆ పేజీ రెండుసార్లు చదవాల్సి వచ్చింది. తప్పులు సరిదిద్ది పంపేసరికి నాలుగూ నలభై.

కాసేపటికి ఆ అమ్మాయి ఫోను. "అందిందక్కా! వింటున్నా. ఒక్కటడగనా? మోకాలి చిప్ప గురించి అంత హుషారుగా చదివావేంటి? ఏదైనా శుభవార్తా?"

స్పీకర్లో వింటున్న అత్త నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"దొంగ దొరికాడమ్మా, అదీ సంగతి! నువ్వు పరీక్ష బాగా రాసి రా, మొత్తం కథ చెప్తా" అని, నా కేసి తిరిగి, "ఆ రేకు ఇప్పుడే బిగించకే, ఇంకాసేపు చూస్తా" అంది.